సైన్యపు వేగుకన్ను: చిఱు డ్రోనులు

రాజునకు చారులే కన్నులని మన పెద్దలు చెప్పుచుందురు. శత్రువు ఎచ్చట విడిసియున్నాడో, ఎంత బలముతో నున్నాడో, ఏ త్రోవను రానున్నాడో తెలియని సేనాపతి కన్నులకు గంతలు గట్టుకొని నడచువానితో సమానుడు. పూర్వకాలమున ఈ వార్తలను తెచ్చుటకు వేగులవారు మాఱువేషములతో పోయెడివారు. ఆశ్వికులు సేనకు ముందుగా పోయి, కొండలెక్కి చూచి వచ్చెడివారు. వారిలో ఎందఱో తిరిగి రాలేదు. గోడ మలుపునకు ఆవల ఏమున్నదో చూడబోయిన సైనికుడు ఆ చూపుతోనే ప్రాణములు గోల్పోవుట నేటి యుద్ధములందును కలదు. ఆ సైనికుని తలకు బదులుగా ఒక చిన్న యంత్రమును మలుపునకు ఆవలికి పంపుట ఎట్లు? పంపిన యంత్రమును నానాటికి మేలుపఱచుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమును మేమిచ్చట వివరింపబూనితిమి.

సైన్యములు ఈ పనిని రెండు విధములుగా విభజించుచున్నవి. ఒక చోటికి పోయి, అక్కడి స్థితిని చూచి, వార్త తెచ్చుట వేగు. ఒకే చోటును గంటల తరబడి విడువక కనిపెట్టియుండుట నిఘా. మొదటిదానికి చుఱుకుదనము ముఖ్యము. రెండవదానికి ఓర్పు ముఖ్యము. ఈ భేదమును చదువరులు మనస్సునందుంచుకొనినచో, ఒక పనికి తగిన డ్రోను మఱియొక పనికి ఏల తగదో ముందు సులభముగా తెలియగలదు.

లోపల మనుష్యుడు లేక ఎగురు విమానమునకు డ్రోను అని పేరు. ఇంగ్లీషు భాషలో ఈ మాటకు మగ తేనెటీగ అని అర్థము. 1935లో బ్రిటిషువారు ఫిరంగివాండ్ర గుఱి అభ్యాసమునకై రేడియోతో నడపదగిన ఒక విమానమును సిద్ధముచేసి, దానికి క్వీన్ బీ, అనగా రాణి తేనెటీగ, అని పేరిడిరి. దానిని బట్టియే డ్రోను అను పేరు వాడుకలోనికి వచ్చెనని చెప్పుదురు. ఆకాశమునుండి వేగు చూచుట మాత్రము అంతకంటె పాతది. 1794 జూన్ 26న ఫ్లూరస్ యుద్ధమున ఫ్రెంచివారు త్రాళ్లతో కట్టిన బెలూను నెక్కి శత్రుసేనల కదలికలను కనిపెట్టిరి. 1991లో గల్ఫు యుద్ధమున అమెరికా యుద్ధనౌకనుండి ఎగిరిన పయొనీరు అను డ్రోను ఫైలకా ద్వీపముమీద తిరుగుట ఇరాకు సైనికులు చూచిరి. దాని వెనుక నౌక ఫిరంగుల గుండ్లు రానున్నవని వారు అనుభవముచేత ఎఱుగుదురు. వెంటనే తెల్లగుడ్డలు ఊపి ఆ యంత్రమునకే లొంగిపోయిరి.

ఆ పయొనీరు సుమారు 200 కిలోగ్రాముల బరువు గలది. అది నౌకలకు, పెద్ద దళములకు తగును గాని, పదిమంది సిపాయిల చిన్న జట్టునకు తగదు. అందువలన చిన్న యంత్రములకై యత్నములు ప్రారంభమయ్యెను. అమెరికాలో తయారైన రేవెన్ అను విమానము సుమారు 2 కిలోగ్రాముల బరువుది. సైనికుడు దానిని ఈటెవలె చేతితో విసరి ఎగురవేయును. దానికంటెను చిన్నది నార్వే దేశమున పుట్టినది. ప్రాక్స్ డైనమిక్స్ అను సంస్థవారు నిర్మించిన దాని పేరు బ్లాక్ హార్నెట్, అనగా నల్ల కందిరీగ. ఆఫ్ఘనిస్థానమున బ్రిటిషు సైనికులు దీనిని వాడుచున్నట్లు 2013లో లోకమునకు తెలిసెను. అది సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 16 గ్రాముల బరువు గల చిన్న హెలికాప్టరు. సైనికుడు దానిని నడుమునకు కట్టుకొని పోయి, అరచేతినుండి ఎగురవేసి, గోడల వెనుకను, ఇండ్ల ప్రాంగణములందును ఏమున్నదో చేతిలోని చిన్న తెరపై చూచుచుండెను.

ఈ కందిరీగ చరిత్రయే మా విషయమునకు మంచి నిదర్శనము. 2018లో వచ్చిన మూడవ రూపము 33 గ్రాములు తూగెను. అది సుమారు 25 నిమిషములు ఎగిరి, 2 కిలోమీటర్ల దూరము పోగలిగెను. 2023లో వచ్చిన నాలుగవ రూపము 70 గ్రాములకు చేరెను. అది అరగంటకు మించి ఎగురగలదు, గాలివానలకు కొంత ఓర్చుకొనగలదు. మేలుపడుకొలది యంత్రములు చిన్నవగుననుట మనకు గడియారములు, రేడియోలు నేర్పిన పాఠము. ఇక్కడ మాత్రము మేలుపడిన యంత్రము నాలుగింతలకు పైగా బరువెక్కినది. ఏలయనగా చిఱు డ్రోనునందు ప్రతి సుగుణమునకును గ్రాములలో వెల చెల్లింపవలసియున్నది. కన్ను, ఓర్పు, నిశ్శబ్దము, వార్త పంపు శక్తి, ఈ నాలుగును ఒకే చిన్న సంచిలోని సొమ్మునకై పోటీపడుచున్న అన్నదమ్ములవంటివి.

మొదట ఓర్పు సంగతి చూతము. ఒక కిలోగ్రాము పెట్రోలునందున్న శక్తి, ఒక కిలోగ్రాము లిథియం బ్యాటరీలో నున్నదానికంటె సుమారు యాబదింతలు. ఐనను పెట్రోలు ఇంజను మోత పెట్టును. అరచేతి యంత్రమునకు తగినంత చిన్నదిగా చేసినచో సరిగా పనిచేయదు. కావున చిఱు డ్రోనులకు బ్యాటరీయే శరణ్యము. అట్లైన పెద్ద బ్యాటరీ పెట్టరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. గాలిలో ఒక్కచోట నిలుచు యంత్రమునకు కావలసిన శక్తి, దాని బరువుకంటె త్వరితముగా పెరుగును. పంకా పరిమాణము మాఱనియెడల, బరువు నూటికి 10 వంతులు పెరిగినచో శక్తి నూటికి 15 వంతులకు పైగా పెరుగును. 100 గ్రాముల డ్రోనులో 30 గ్రాముల బ్యాటరీ యుండి, అది 20 నిమిషములు ఎగురుననుకొందము. బ్యాటరీని రెట్టించి 60 గ్రాములు చేసినచో, డ్రోను 130 గ్రాములగును. ఎగురుటకు కావలసిన శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లగును. లెక్క వేసి చూడగా అది 40 నిమిషములు గాక సుమారు 27 నిమిషములు మాత్రమే ఎగురును. రెట్టింపు ఖర్చునకు మూడవవంతు లాభము!

అంతియే గాక, చిన్న రెక్కకు గాలి అనుకూలముగా నుండదు. పెద్ద గ్లైడరు ఒక అడుగు క్రిందికి దిగులోపల యాబది అడుగులు ముందునకు జారిపోగలదు. అరచేయంత రెక్క గల విమానము పది అడుగులు పోవుటయే కష్టము. రెక్క చిన్నదగుకొలది గాలి దానికి చిక్కని ద్రవమువలె అడ్డుపడును. ఈ కారణముచేతనే శాస్త్రజ్ఞులు పక్షులను, కీటకములను పరిశీలించుచున్నారు. 2011లో అమెరికాలోని ఏరోవైరన్‌మెంట్ సంస్థవారు 19 గ్రాముల యంత్రపు పిట్టను రెక్కలాడించి ఎగురజేసిరి. అది ముందునకు, వెనుకకు పోయి, గాలిలో నిలువగలిగెను. కాని ఎగిరిన కాలము కొలది నిమిషములే. ప్రకృతి కోట్ల యేండ్లలో నేర్చిన విద్యను మనము కొలది యేండ్లలో పూర్తిగా నేర్వలేమని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు వేగునకును నిఘాకును గల భేదము మరల జ్ఞప్తికి తెచ్చుకొందము. రెక్కలు గల విమానము ముందునకు పోవుచుండగా గాలియే దానిని మోయును. కావున అది తక్కువ శక్తితో చాలసేపు తిరుగగలదు, నిఘాకు తగును. పంకాలపై నిలుచు యంత్రము ఎక్కువ శక్తిని ఖర్చుచేయును. కాని కిటికీ యెదుట నిలిచి లోపలికి చూడగలదు, వేగునకు తగును. రెండును కావలెనన్నచో, పంకాలతో నిలువున లేచి, పిమ్మట రెక్కలతో పోవు మిశ్రజాతి విమానము కావలెను. 2021 జనవరిలో మన భారత సైన్యము ముంబయికి చెందిన ఐడియాఫోర్జ్ సంస్థకు ఇట్టి స్విచ్ అను డ్రోనులకై ఉత్తరువు ఇచ్చెను. బొంబాయి ఐ.ఐ.టి.లో చదివిన యువకులు 2007లో స్థాపించిన సంస్థ యది. మన దేశమున ఈ సమస్యకు హిమాలయములు మఱియొక చిక్కును చేర్చుచున్నవి. 4,000 మీటర్ల యెత్తున గాలి సాంద్రత సముద్రతీరమున నున్నదానిలో సుమారు మూడింట రెండువంతులే. గాలి పలుచనైనచో గాలిలో నిలుచుటకు సుమారు నూటికి 20 వంతులు అధికశక్తి కావలెను. ఆ చలిలో బ్యాటరీ ఇచ్చు శక్తియా తగ్గిపోవును. మైదానమున పరీక్షలో నెగ్గిన యంత్రము లడఖునందు అట్లే నెగ్గునని చెప్పరాదు.

రెండవది కన్ను. కెమెరా చిత్రము చిన్న చిన్న చుక్కల కూర్పు. 1958లో అమెరికా సైన్యపు ప్రయోగశాలలో పనిచేసిన జాన్ జాన్సన్ అను శాస్త్రజ్ఞుడు చూపునకు మెట్లు గలవని నిర్ణయించెను. వానిలో మూడింటిని చూతము. అక్కడ ఏదో యున్నదని తెలియుట మొదటి మెట్టు. అది మనిషియా, పశువా, బండియా యని తెలియుట రెండవ మెట్టు. ఏ విధమైన మనిషి, ఏ విధమైన బండి యని తెలియుట మూడవ మెట్టు. ఆయన లెక్కను నేటి చుక్కలలోనికి మార్చినచో, వస్తువు వెడల్పున మొదటిదానికి 2 చుక్కలు, రెండవదానికి 8 చుక్కలు, మూడవదానికి 13 చుక్కలు పడవలెను. ఇప్పుడొక ఉదాహరణము చూడుడు. 640 చుక్కల వెడల్పు గల చిత్రమున 64 మీటర్ల నేల కనబడుచున్నది. అనగా ఒక చుక్క 10 సెంటీమీటర్లు. అర మీటరు వెడల్పు గల మనిషికి 5 చుక్కలు పడును. అక్కడ ఏదో యున్నదని నిశ్చయముగా తెలియును. అంతకు మించి నిశ్చయము లేదు. వాని చేతిలో ఒక మీటరు పొడవు గల వస్తువున్నచో, అది సన్నని గీతవలె కనబడును. ఆ గీత తుపాకియా? గడ్డపారయా? చేనికి పోవు రైతు భుజముమీది కఱ్ఱయా? ఆ చిత్రము చెప్పజాలదు. ఈ ఒక్క ప్రశ్నమీద ఒక నిరపరాధి ప్రాణము ఆధారపడియుండవచ్చును.

కెమెరాకు చుక్కలు పెంచుట నేడు కష్టము కాదు. ఆ చుక్కలు చెదరకుండ నిలుపుటయే కష్టము. పంకాల అదురు, గాలి విసురు చిత్రమును అలుకుచుండును. దీనికై కెమెరాను గింబల్ అను చిన్న తొట్టెలో వ్రేలాడదీసి, యంత్రము ఇటు వంగిన కన్నును అటు త్రిప్పునట్లు చిన్న మోటారులను అమర్చుదురు. రాత్రి చూపునకు థర్మల్ కెమెరా కలదు. మన దేహము కంటికి కనబడని ఉష్ణకిరణములను సదా వెలువరించుచుండును. ఆ కెమెరా వానిని పట్టి చిత్రముగా మార్చును. చీకటిలో చెట్టుక్రింద కూర్చున్న మనిషి దీపమువలె వెలుగుచు కనబడును. ఐనను దానికిని లోపములు గలవు. సామాన్యపు కిటికీ అద్దముగుండ అది లోపలికి చూడలేదు. ఉదయ సాయంకాలములందు నేలయు, రాళ్లును, దేహములును ఇంచుమించు ఒకే వేడితో నున్నపుడు చిత్రము మసకబాఱును. ముఖములను అది చూపజాలదు. వేడిని మాత్రమే చూపును.

మూడవది నిశ్శబ్దము. స్పష్టముగా చూచుటకు క్రిందికి దిగవలెను; దిగినచో మోత వినబడును. దూరము సగమైనచో చెవికి చేరు ధ్వనిబలము నాలుగింతలగును. వేగుకన్ను తన రాకను తానే చాటుకొనినచో, శత్రువు దాగికొనును, లేదా కాల్చును. పంకా మోతకు ముఖ్యకారణము దాని రెక్క కొన గాలిని చీల్చుకొనిపోవు వేగము. పెద్ద పంకాను మెల్లగా త్రిప్పినచో మోతయు తగ్గును, శక్తియు కలిసివచ్చును. కాని పెద్ద పంకా జేబులో పట్టదు. చదువరులారా, ఒక గుణమును పెంచబోయినప్పుడెల్ల మఱియొక గుణము చేయి పట్టుకొని వెనుకకు లాగుట మీరు గమనించుచునే యున్నారు.

నాలుగవది వార్త పంపుట, త్రోవ తెలియుట. డ్రోను చూచినది రేడియో తరంగములపై వచ్చును. శత్రువు అదే తరంగములమీద పెద్ద రొద పుట్టించినచో, జాతరలో డప్పులమోత నడుమ దూరమునుండి పిలుచువాని పిలుపువలె ఆ వార్త మునిగిపోవును. దీనినే జామింగు అందురు. త్రోవ తెలుపు జి.పి.ఎస్. సంకేతములు 20,000 కిలోమీటర్లకు పైనున్న ఉపగ్రహములనుండి వచ్చుటచే మిక్కిలి బలహీనములు. వానిని ముంచివేయుట మఱింత సులభము. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తినది మొదలు ఈ పోరు తీవ్రమయ్యెను. దీనికి శాస్త్రజ్ఞులు పలు ఉపాయములు కనుగొనిరి. సంకేతమును ఒక తరంగమునుండి మఱియొక తరంగమునకు క్షణక్షణము దాటించుట ఒకటి. రైలులో పోవువానికి దగ్గఱి చెట్లు వేగముగను, దూరపు కొండలు మెల్లగను కదలినట్లు తోచును గదా; ఆ సూత్రముననే డ్రోను తన కెమెరాలో నేల కదలికను చూచి, తానెంత దూరము వచ్చెనో లెక్కించుకొనుట మఱియొకటి. వెండ్రుకవంటి గాజుతీగను డ్రోను వెంట విప్పుకొనుచు పోయి, రేడియో లేకయే ఆ తీగగుండ చిత్రములను పంపుట మూడవది. ఇది 2024 మొదలు యుద్ధభూమిలో విరివిగా కనబడెను. దానిని జామింగుచేత ఆపలేరు. కాని పది కిలోమీటర్ల తీగచుట్ట సుమారు ఒక కిలోగ్రాము తూగును. ఇక్కడను గ్రాముల వెల తప్పలేదు.

ఆ యుద్ధము నేర్పిన మఱియొక పాఠము కలదు. ఉక్రెయిను నెలకు సుమారు 10,000 డ్రోనులను గోల్పోవుచున్నదని లండనులోని రాయల్ యునైటెడ్ సర్వీసెస్ ఇన్‌స్టిట్యూట్ 2023 మే నెలలో అంచనా వేసెను. పూర్వము బ్రిటిషువారు 160కి పైబడిన నల్ల కందిరీగలకును, వాని పోషణకును 2 కోట్ల పౌనుల ఒడంబడిక చేసికొనిరి. అంత విలువైన యంత్రములను నెలకు వేలకొలది పోగొట్టుకొనుట ఏ దేశమునకును సాధ్యము కాదు. కావున చవుకగా చేయుట, త్వరగా బాగుచేయుట, క్రొత్త సిపాయి కొలది దినములలో నేర్చుకొనునట్లు చేయుట, ఇవియు శాస్త్రాభివృద్ధిలో భాగములే యని నేడు సైన్యములు గుర్తించినవి.

ఇంతవఱకు యంత్రమును గూర్చి చెప్పితిమి. చూచిన దానిని అర్థము చేసికొనుట ఇంకను మిగిలియున్నది. 2010 ఫిబ్రవరి 21న ఆఫ్ఘనిస్థానములోని ఉరుజ్గాన్ ప్రాంతమున మూడు వాహనములలో జనులు ప్రయాణము చేయుచుండిరి. ప్రిడేటర్ అను పెద్ద డ్రోను గంటలకొలది వారిని కనిపెట్టియుండెను. వేలమైళ్ల దూరమున అమెరికాలో కూర్చుండి ఆ చిత్రములను చూచుచున్నవారు, వారిని శత్రువులుగా తలచిరి. వారిలో పిల్లలున్నట్లు కొందఱు పరిశీలకులు చెప్పినను, ఆ మాట గట్టిగా ముందునకు పోలేదు. హెలికాప్టరులు వచ్చి కాల్చెను. చనిపోయినవారు ఇరువదిమందికి పైగా, అందఱును పౌరులే. డ్రోను నడపినవారి నివేదికలు సరియైనవి కావని అమెరికా సైన్యమే చేయించిన విచారణలో తేలెను. ప్రిడేటర్ చిఱు డ్రోను కాదు. కాని పాఠము అన్ని డ్రోనులకును ఒక్కటే. ఆ దినమున కన్ను మూయబడలేదు, వార్త ఆగలేదు, ఇంధనము తఱుగలేదు. శత్రువును చూడవలెనను కోరిక చూపును ముంచివేసెను.

ఈ పనిని ఇప్పుడు యంత్రబుద్ధికి అప్పగించు యత్నములు సాగుచున్నవి. వేలకొలది చిత్రములను చూపి, ఇది బండి, ఇది మనిషి యని కంప్యూటరునకు నేర్పుదురు. గంటల తరబడి తెరను చూచి అలసిన మనిషికంటె అది చుఱుకుగా కదలికను పట్టగలదు. అది గొప్ప సహాయమే. కాని తాను నేర్చిన చిత్రములలో లేని దేశమున, లేని వేషమున, లేని వెలుగులో అది పొరబడును; పొరబడినను సందేహింపక జవాబిచ్చును. ఐదు చుక్కల చిత్రమునకు యంత్రబుద్ధి ఆఱవ చుక్కను చేర్పజాలదు. కావున మంచి యంత్రము తనకు తెలిసినదానితోపాటు తనకు ఎంత నిశ్చయము కలదో కూడ చెప్పవలెను. మంచి సైనికుడు అది విని, ఇంకొక మాఱు చూచి రమ్మని పంపవలెను. చిఱు డ్రోనువలన సైనికునకు లభించు గొప్ప వరము ఇదియే: తొందరపడి కాల్చుటకు ముందు, తన ప్రాణమునకు అపాయము లేకుండ, మరల చూచుటకు వ్యవధి.

యుద్ధమునకై పదునెక్కిన ఈ కన్ను శాంతికాలమునను ఉపకరించుచున్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు నీట మునిగినపుడు, పడవలు చేరలేని యిండ్లకు డ్రోనులు ఆహారపు పొట్లములను, నీటిసీసాలను చేర్చినవి. చీకటిలో శత్రువును వెదకు థర్మల్ కెమెరా వరదలో చిక్కిన బిడ్డనుకూడ వెదకగలదు. అదే కన్ను నిరపరాధుల గృహములలోనికి తొంగిచూచుటకును పనికివచ్చును. ఏ పనికి పంపవలెనో నిర్ణయించునది యంత్రము కాదు.

మన విద్యార్థులలో కొందఱు రేపు ఇట్టి యంత్రములను నిర్మింతురు. కొందఱు సైన్యమునందో, రక్షకదళములందో చేరి వానిని నడపుదురు. నిర్మించువారు ఒక గ్రామును తగ్గించుటకై నెలలు శ్రమింపవలసియుండును. తూనిక, లెక్క, గాలి స్వభావము నేడు తరగతిలో శ్రద్ధగా నేర్చినవారికే ఆ శ్రమ ఫలించును. నడపువారు నేర్వవలసినది వేఱొకటి కలదు. కనబడినదానిని కనబడినంతమట్టుకే చెప్పుట, తెలియనిదానిని తెలియదనుట. వేగులవారికి పూర్వకాలమునను ఈ గుణమే ప్రధానముగా నుండెను. కన్ను యంత్రమైనను, సాక్ష్యము మనుష్యునిదే.